ఇన్ఫినీబ్యాండ్ పార్టిషన్లు ఎక్కడ్నుంచి నడపాలి: ఓపెన్ఎస్ఎం, స్విచ్, యూఎఫ్ఎం... ఏది ఎవరికి, తేడా వస్తే ముందు ఎక్కడ చూడాలి

రెండు జీపీయూ నోడ్లు (క్లస్టర్‌లోని సర్వర్లు), మధ్యలో ఇన్ఫినీబ్యాండ్ (సర్వర్లని కలిపే వేగమైన నెట్‌వర్క్), దాని మీద పార్టిషన్లు, అంటే ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో విడదీసే గుంపులు. ఐబీ0.8001 ఇంటర్ఫేస్ (8001 పార్టిషన్ కోసం ఐబీ0 కింద పెట్టిన చైల్డ్ ఇంటర్ఫేస్) మీద పింగ్ చక్కగా పోతోంది, ఎస్ఎస్‌హెచ్ అవుతోంది, ఐబీస్టాట్ కొడితే స్టేట్ యాక్టివ్, ఫిజికల్ స్టేట్ లింక్‌అప్. కానీ ట్రైనింగ్ జాబ్ పెట్టగానే కాసేపు కదలకుండా ఉండి తర్వాత ఎన్‌సీసీఎల్ (జీపీయూల మధ్య డేటా పంపే ఎన్విడియా లైబ్రరీ) లాగ్‌లో "కంప్లీషన్ విత్ ఎర్రర్ 12" అని పడిపోతోంది. కేబుల్ మార్చారు, కార్డ్ ఫర్మ్‌వేర్ మార్చారు, డ్రైవర్ మళ్ళీ వేశారు, అదే ఎర్రర్. పార్టిషన్లు మొదటిసారి పెట్టిన ప్రతి టీమ్‌కీ దాదాపు ఈ రోజు వస్తుంది, నాకూ వచ్చింది, రెండు రోజులు పోయాయి.

ఎర్రర్ 12 అంటే రీట్రై ఎగ్జీడెడ్, అంటే మనం పంపాం, అవతల్నుంచి జవాబు రాలేదు, మళ్ళీ మళ్ళీ పంపి వదిలేశాం. పార్టిషన్ కీ తేడా ఉన్నప్పుడు అవతలి కార్డ్ "నీ కీ తప్పు" అని పంపినవాడికి చెప్పదు, ప్యాకెట్‌ని ఊరికే పడేస్తుంది. అందుకే చూడ్డానికి కేబుల్ సమస్యలా ఉంటుంది.

ఏ టూల్ తీసుకోవాలి అనేదానికి ముందు కీ ఎలా పనిచేస్తుందో ఒక్క పేరా చెప్తా, ఇది అర్థమైతే మిగతాదంతా తేలికే. పీకీ (పార్టిషన్ కీ) అనేది 16 బిట్ల నంబర్. కింది 15 బిట్లు పార్టిషన్ నంబర్, పైనున్న ఒక్క బిట్ మెంబర్‌షిప్: 1 అయితే ఫుల్, 0 అయితే లిమిటెడ్. అంటే హెక్స్‌లో 8001, 0001 రెండూ ఒకే పార్టిషన్, మొదటిది ఫుల్ మెంబర్, రెండోది లిమిటెడ్ మెంబర్. ఫుల్, ఫుల్ మాట్లాడుకుంటాయి, ఫుల్, లిమిటెడ్ మాట్లాడుకుంటాయి, లిమిటెడ్, లిమిటెడ్ మాత్రం మాట్లాడుకోలేవు. డిఫాల్ట్ పార్టిషన్ 7ఎఫ్ఎఫ్ఎఫ్, దాని ఫుల్ రూపం ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్. ప్రతి పోర్ట్‌లో ఈ కీల టేబుల్ ఒకటి ఉంటుంది, కనెక్ట్‌ఎక్స్ (ఎన్విడియా ఇన్ఫినీబ్యాండ్) కార్డుల్లో మామూలుగా 128 గదులు. ఆ టేబుల్‌ని నోడ్ రాసుకోదు, సబ్‌నెట్ మేనేజర్ (ఎస్ఎం, నెట్‌వర్క్ మొత్తాన్ని సెటప్ చేసే ప్రోగ్రామ్) వచ్చి రాస్తుంది. ఇథర్నెట్ వీలాన్‌లా స్విచ్ పోర్ట్ దగ్గర కూర్చుని ఒక్కోటీ పెట్టుకునే వ్యవహారం కాదిది, ఫ్యాబ్రిక్ (అంటే ఈ నెట్‌వర్క్) మొత్తానికి ఒక్క మాస్టర్ ఎస్ఎం, అది ఏ లిస్ట్ చదివితే అదే అందరి టేబుల్. ఆ ఎస్ఎంని మూడు రకాలుగా నడపొచ్చు: సర్వర్ మీద ఓపెన్ఎస్ఎం అనే ఉచిత ప్రోగ్రామ్, స్విచ్‌లోనే ఉన్న ఎస్ఎం, ఎన్విడియా వాళ్ళ యూఎఫ్ఎం.

కాబట్టి "ఓపెన్ఎస్ఎమ్మా, స్విచ్చా, యూఎఫ్ఎమ్మా" అని అడిగేవాళ్ళకి నేను ముందు అడిగేది ఒక్కటే: మీ మాస్టర్ ఎస్ఎం ఇప్పుడు పడిపోతే రెండోది లేస్తుంది కదా, దాని దగ్గరున్న పార్టిషన్ లిస్ట్ ఇదేనా? ఫీచర్ల పట్టిక చూసి ఎంచుకున్నవాళ్ళకంటే ఈ ప్రశ్నకి జవాబు చూసి ఎంచుకున్నవాళ్ళే ప్రశాంతంగా ఉన్నారు.

ముందు, అసలు పార్టిషన్లు కావాలా?

క్లస్టర్ అంతా ఒకే డిపార్ట్‌మెంట్‌ది, అందరూ స్లర్మ్ (జాబ్ షెడ్యూలర్) ద్వారానే వస్తారు, నోడ్ మీద ఎవరికీ రూట్ (అడ్మిన్ అధికారం) లేదు అంటే డిఫాల్ట్ పార్టిషన్‌తోనే ఉండిపోండి, నిజంగా చెప్తున్నా. స్టోరేజ్ ట్రాఫిక్ వేరుగా ఉండాలి అన్న కారణంతో పార్టిషన్ పెట్టేవాళ్ళున్నారు, కానీ పార్టిషన్ బ్యాండ్‌విడ్త్‌ని విడదీయదు, ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో మాత్రమే చెప్తుంది. బ్యాండ్‌విడ్త్ కోసమైతే సర్వీస్ లెవెల్స్, క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కి ఎంత ప్రాధాన్యం అనేది) వైపు వెళ్ళాలి. ఒకరికొకరు కనపడకూడని టీములు, బయటి కస్టమర్లు, బేర్ మెటల్ (వీఎం కాకుండా నేరుగా సర్వర్) మీద రూట్ ఇచ్చే పరిస్థితి, ఇలాంటివుంటేనే పార్టిషన్ పెట్టుకోండి.

ఇంకో మాట, మీది రోసీ (ఇథర్నెట్ మీద నడిచే ఇలాంటి పద్ధతి) అయితే ఈ గోలంతా మీకు లేదు, అక్కడ విడదీసేది వీలానే. ఓమ్నీపాత్ (ఇన్ఫినీబ్యాండ్ లాంటి ఇంకో నెట్‌వర్క్) అయితే దాని ఫ్యాబ్రిక్ మేనేజర్‌లో వర్చువల్ ఫ్యాబ్రిక్స్ అని ఉంటాయి, ఆలోచన ఇదే గానీ ఫైలు వేరు.

ఓపెన్ఎస్ఎం

ఉచితం, డిస్ట్రోలోనే వస్తుంది, ఏదో ఒక సర్వీస్ నోడ్ మీద నడుస్తుంది, పార్టిషన్స్ డాట్ కాన్ఫ్ అనే ఒక్క టెక్స్ట్ ఫైల్. రెడ్‌హ్యాట్ ప్యాకేజీలో అది ఈటీసీ కింద ఆర్‌డీఎంఏ ఫోల్డర్‌లో ఉంటుంది, మెల్లనాక్స్ ఓఫెడ్ (కార్డ్ తయారీదారు ఇచ్చే డ్రైవర్ల ప్యాకేజీ)లో ఈటీసీ కింద ఓపెన్ఎస్ఎం ఫోల్డర్‌లో ఉంటుంది, రెండూ వేసుకున్న మెషీన్‌లో ఒకటి ఎడిట్ చేసి ఇంకోటి నడుస్తుంటే గంటలు పోతాయి, కాబట్టి నడుస్తున్న ప్రాసెస్ ఏ ఫైల్ చదువుతోందో ముందు చూసుకోండి. ఫైల్‌ని గిట్‌లో పెట్టొచ్చు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనిపిస్తుంది, నాకు ఇది బాగా నచ్చే విషయం.

కానీ ఈ ఫైల్‌లో గుంతలు చాలా ఉన్నాయి, ఒక్కోటీ చెప్తా.

మొదటిది సెమీకోలన్. ప్రతి పార్టిషన్ నిర్వచనం చివర సెమీకోలన్ ఉండాలి. లేకపోతే ఏమవుతుందనుకుంటున్నారు, ఆగిపోతుందనా? ఆగదు. లాగ్‌లో పార్స్ ఎర్రర్ అని ఒక లైను రాసి, "కాన్ఫిగరేషన్‌లో తప్పుంది, డిఫాల్ట్‌తో మళ్ళీ ప్రయత్నిస్తున్నా" అని చెప్పి, అందరినీ డిఫాల్ట్ పార్టిషన్‌లో ఫుల్ మెంబర్లుగా పెట్టేస్తుంది. అంటే మీరు కట్టిన గోడలన్నీ ఒక్కసారి లేచిపోతాయి, డిఫాల్ట్ మీద నడిచే జాబ్‌లన్నీ హాయిగా నడుస్తాయి, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. సెక్యూరిటీ కోసం పార్టిషన్ పెట్టుకున్నవాళ్ళకి ఇంతకంటే ప్రమాదం లేదు. ఫైల్ మార్చిన ప్రతిసారీ ఓపెన్ఎస్ఎం లాగ్‌లో ఆ లైను ఉందేమో వెతకడం అలవాటు చేసుకోండి, కుదిరితే మానిటరింగ్‌లో అలర్ట్ పెట్టండి.

రెండోది, రాయకపోతే లిమిటెడ్. జీయూఐడీ (కార్డ్‌కుండే ప్రత్యేక నంబర్) పక్కన ఫుల్ అని రాయకపోతే, పైన డెఫ్‌మెంబర్ ఫుల్ అని చెప్పకపోతే, ఆ మెంబర్ లిమిటెడ్ అయిపోతుంది. అందరినీ అలాగే చేర్చారంటే పార్టిషన్ ఉంటుంది, మెంబర్లు ఉంటారు, ఎవరితో ఎవరూ మాట్లాడరు.

మూడోది, డిఫాల్ట్‌ని వదిలెయ్యడం. కొత్త పార్టిషన్లు 8001, 8002 అని శ్రద్ధగా రాస్తారు, పైన డిఫాల్ట్ లైన్‌లో మాత్రం ఆల్ ఈక్వల్స్ ఫుల్ అనే ఉంటుంది. అప్పుడు అందరూ అందరితో డిఫాల్ట్ కీ మీద మాట్లాడుకుంటూనే ఉంటారు, మీ పార్టిషన్లు ఉన్నా లేనట్టే. నిజంగా విడదియ్యాలంటే డిఫాల్ట్‌లో ఆల్ లిమిటెడ్, సెల్ఫ్ ఫుల్ అని రాయాలి. సెల్ఫ్ అంటే ఎస్ఎం నడుస్తున్న పోర్ట్. ఇలా అయితే నోడ్లు ఎస్ఎంతో మాట్లాడగలవు, వాటిలో వాటికి డిఫాల్ట్ మీద దారి ఉండదు.

నాలుగోది, ఏ జీయూఐడీ. ఇక్కడ అడిగేది పోర్ట్ జీయూఐడీ, నోడ్ జీయూఐడీ కాదు. కొన్ని కార్డుల్లో రెండూ ఒకటే కనిపిస్తాయి, అవి వేరుగా ఉన్న కార్డ్ వచ్చినప్పుడు బయటపడుతుంది. కార్డ్ పాడై వారంటీలో మార్చినప్పుడు జీయూఐడీ మారిపోతుంది, ఫైల్ మార్చడం ఎవరికీ గుర్తుండదు, ఆ ఒక్క నోడ్ పార్టిషన్ బయట నిలబడిపోతుంది. "నిన్న కార్డ్ మార్చారు, ఇవాళ్టి నుంచి ఈ నోడ్ మాత్రం రావట్లేదు" అంటే నేను ఇంకేం అడగను, ఫైల్ చూడమంటా.

ఇక అసలుది, స్టాండ్‌బై. మేం ఒక ల్యాబ్‌లో రెండు హెడ్ నోడ్ల మీద రెండు ఓపెన్ఎస్ఎంలు పెట్టాం, ఒకటి మాస్టర్, ఒకటి స్టాండ్‌బై. లస్టర్ (క్లస్టర్ల ఫైల్ సిస్టమ్) స్టోరేజ్ 8002 మీద. కొన్ని నెలల తర్వాత కొత్త నోడ్లొచ్చాయి, పార్టిషన్ ఫైల్ మార్చాం, మాస్టర్ మీద మాత్రమే మార్చాం. ఒక శనివారం ప్యాచింగ్ కోసం మాస్టర్‌ని రీబూట్ చేశాం, స్టాండ్‌బై లేచింది, ఫ్యాబ్రిక్ అంతా తిరిగి పాత ఫైల్ ప్రకారం టేబుళ్ళు తిరగరాసింది. కొత్త నోడ్లన్నిటి మీదా లస్టర్ మౌంట్ బిగుసుకుపోయింది, పాత నోడ్లు మాత్రం బాగున్నాయి, దాంతో మేం కొత్త నోడ్ల కేబుళ్ళ మీద, వాటి లీఫ్ స్విచ్ మీద అనుమానపడ్డాం. సాయంత్రానికి ఎవరో ఎస్ఎంఇన్ఫో (మాస్టర్ ఎవరో చూపే కమాండ్) కొడితే మాస్టర్ లిడ్ (ఫ్యాబ్రిక్‌లో పోర్ట్ అడ్రస్) పొద్దున్న ఉన్నది కాదు. అప్పుడు కొత్త నోడ్ మీద సిస్ కింద ఇన్ఫినీబ్యాండ్ ఫోల్డర్‌లో పోర్ట్ 1 పీకీస్ చదివితే 0వ గదిలో 7ఎఫ్ఎఫ్ఎఫ్, మిగతావన్నీ సున్నాలు. 8002 అసలు లేనే లేదు. ఫైల్ కాపీ చేసి, ఓపెన్ఎస్ఎంకి హప్ సిగ్నల్ (ఫైల్ మళ్ళీ చదవమని చెప్పేది) పంపితే నిమిషంలో వచ్చేసింది.

అప్పట్నుంచి ఫైల్‌ని రెండు చోట్లకీ ఆన్సిబుల్ (ఆటోమేషన్ టూల్) తోసేస్తుంది, చేత్తో ఎవరూ ముట్టుకోరు. ఇది చెయ్యలేని టీమ్ అయితే రెండు ఓపెన్ఎస్ఎంలు పెట్టుకోవద్దనే అంటా, ఉన్న ఒక్కటీ పడిపోతే తెలుస్తుంది, తప్పు లిస్ట్‌తో లేచింది మాత్రం తెలియదు.

స్విచ్‌లో ఉన్న ఎస్ఎం

మేనేజ్డ్ స్విచ్ కొన్నవాళ్ళకి ఇది ఊరికే వస్తుంది. ఇక్కడ మోడల్ నంబర్ చూసుకోవాలి: క్యూఎం8700లో ఎస్ఎం ఉంటుంది, క్యూఎం8790లో ఉండదు, ఎన్‌డీఆర్ అనే తర్వాతి తరంలో క్యూఎం9700లో ఉంటుంది, 9790లో ఉండదు. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి, చివర 90 ఉంటే బయట్నుంచి మేనేజ్ చెయ్యాల్సినదని గుర్తుపెట్టుకోండి. క్యూఎం8700 మీద ఎస్ఎం 2 వేల నోడ్ల దాకా అని తయారీదారు చెప్తారు.

పార్టిషన్ ఇక్కడ స్విచ్ కమాండ్ లైన్‌లో రాస్తారు, పేరు, పీకీ, మెంబర్ జీయూఐడీ, ఫుల్లా లిమిటెడ్డా. పది పదిహేను నోడ్లు, రెండు పార్టిషన్లు, ఏడాదికోసారి మార్పు, వేరే సర్వీస్ నోడ్ పెట్టే స్థోమత లేదు అంటే ఇదే తీసుకోండి. అంతకు మించితే ఒక్కో జీయూఐడీ టైప్ చెయ్యడం విసుగు, మార్పుల చరిత్ర ఉండదు, లాగ్ లోతుగా చూడటం కష్టం. రెండు స్విచ్‌ల మీద ఎస్ఎం ఆన్ చేస్తే వాటి మధ్య హెచ్ఏ (ఒకటి పడితే ఇంకోటి అదే కాన్ఫిగరేషన్‌తో లేచే ఏర్పాటు) కూడా సెటప్ చెయ్యండి, లేకపోతే పైన చెప్పిన శనివారం కథే మళ్ళీ.

ఒక కలయిక మాత్రం వద్దే వద్దు: స్విచ్‌లో ఎస్ఎం ఆన్ ఉంది, పక్కన సర్వర్‌లో ఓపెన్ఎస్ఎం కూడా నడుస్తోంది, రెండిట్లో పార్టిషన్లు వేరువేరు. ప్రయారిటీ ఎక్కువున్నది గెలుస్తుంది, సమానమైతే జీయూఐడీ చిన్నదున్నది గెలుస్తుంది. అంటే మీ సెక్యూరిటీ ఎలా ఉండాలో కార్డ్ మీద ముద్రించిన నంబర్ నిర్ణయిస్తుంది. వాడని ఎస్ఎంని ఆపేయండి.

యూఎఫ్ఎం

ఎన్విడియా వాళ్ళది, లైసెన్స్‌కి డబ్బు కట్టాలి, లోపల నడిచేది ఓపెన్ఎస్ఎమ్మే. కానీ పార్టిషన్లు జీయూఐ (స్క్రీన్ మీది మెనూలు) నుంచి గానీ రెస్ట్ ఏపీఐ నుంచి గానీ పెడతారు, హెచ్ఏ సెటప్‌లో రెండు నోడ్ల మధ్య కాన్ఫిగరేషన్ అదే సింక్ చేస్తుంది, అంటే మా శనివారం సమస్యకి మందు దాన్లోనే ఉంది. టెనెంట్లు (క్లస్టర్ పంచుకునే వేరువేరు కస్టమర్లు) వారానికోసారి వచ్చిపోతుంటే, నోడ్ ఇచ్చేటప్పుడు స్క్రిప్ట్ పీకీ పెట్టాలి, తీసేటప్పుడు తియ్యాలి అంటే ఏపీఐ లేకుండా బతకలేరు, ఇదే తీసుకోండి, ఖర్చు అనుకోవద్దు. ఇరవై నోడ్ల ల్యాబ్‌కి మాత్రం అనవసరం.

యూఎఫ్ఎంకి మారినవాళ్ళు చేసే తప్పు ఒకటి ఉంది, పాత అలవాటుతో దాని లోపలి పార్టిషన్స్ ఫైల్‌ని నేరుగా ఎడిట్ చేస్తారు. ఆ ఫైల్ యూఎఫ్ఎం తయారు చేసేది, తర్వాతి మార్పుకి మీ లైన్లు చెరిగిపోతాయి. ఏపీఐలో మెంబర్‌షిప్, ఐపీ ఓవర్ ఐబీ (ఇన్ఫినీబ్యాండ్ మీద ఐపీ), ఇండెక్స్ జీరో అని మూడు ఫీల్డులుంటాయి, ఆ మూడూ ప్రతిసారీ స్పష్టంగా పంపండి, డిఫాల్ట్‌కి వదలొద్దు. ఇండెక్స్ జీరో ఎందుకో కింద చెప్తా.

తేడా వచ్చినప్పుడు ఏ పరీక్షని నమ్మాలి

పింగ్‌ని నమ్మొద్దు, అంటే పింగ్ ఒక్కదాన్నే నమ్మొద్దు. పింగ్ పోయిందంటే ఆ ఇంటర్ఫేస్ ఏ కీ మీద ఉందో ఆ కీ పనిచేస్తోందని అంతే. మొదట్లో చెప్పిన జీపీయూ నోడ్ల కథ ఇదే: ఐబీ0.8001 మీద పింగ్ 8001 కీతో పోయింది, ఎన్‌సీసీఎల్ మాత్రం టేబుల్‌లో 0వ గదిలో ఉన్న కీతో వెళ్ళింది, అక్కడున్నది 7ఎఫ్ఎఫ్ఎఫ్, రెండువైపులా లిమిటెడ్, ఇంకేముంది.

ఇక్కడే చాలామంది తడబడే చోటు. ఎన్‌సీసీఎల్‌కి ఎన్‌సీసీఎల్ ఐబీ పీకీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, దానికి ఇవ్వాల్సింది టేబుల్‌లో గది నంబర్, కీ కాదు. యూసీఎక్స్ అనే ఇంకో కమ్యూనికేషన్ లైబ్రరీకి యూసీఎక్స్ ఐబీ పీకీ ఉంది, దానికి ఇవ్వాల్సింది కీ విలువ, అదీ పై బిట్ తీసేసి. పెర్ఫ్‌టెస్ట్ అనే వేగం పరీక్షల్లో ఐబీ రైట్ బీడబ్ల్యూకి మళ్ళీ ఇండెక్స్, అంటే గది నంబరే. పేర్లు చూస్తే ఒకటే, అడిగేది వేరు. పైగా ఒకే కీ అన్ని నోడ్లలోనూ అదే గదిలో ఉంటుందని గ్యారంటీ లేదు, పార్టిషన్లు పెడుతూ తీస్తూ ఉంటే ఒక నోడ్‌లో 1లో, ఇంకో నోడ్‌లో 2లో ఉండొచ్చు, అప్పుడు ఒకే వేరియబుల్‌తో అన్ని నోడ్లకీ పని జరగదు.

దీనికి నేను ఇష్టపడే పద్ధతి, ఆ నోడ్ ముఖ్యంగా వాడే పార్టిషన్‌ని ఇండెక్స్ 0లో పెట్టెయ్యడం. ఓపెన్ఎస్ఎం ఫైల్‌లో ఇండ్ఎక్స్0 అనే ఫ్లాగ్, యూఎఫ్ఎంలో పైన చెప్పిన ఫీల్డ్. అప్పుడు ఎన్‌సీసీఎల్‌కి ఏమీ చెప్పక్కర్లేదు, మామూలు ఐబీ0 ఇంటర్ఫేస్ కూడా 0వ గదిలోని కీనే తీసుకుంటుంది కాబట్టి చైల్డ్ ఇంటర్ఫేస్ గొడవే ఉండదు. అజూర్ హెచ్‌పీసీ వీఎంలలో చూడండి, వాళ్ళ డాక్యుమెంటేషన్ ఉదాహరణలోనే పీకీ 0లో 800బి, 1లో 7ఎఫ్ఎఫ్ఎఫ్ ఉంటాయి, యూసీఎక్స్‌కి ఇచ్చేటప్పుడు పై బిట్ తీసి 000బి అని ఇవ్వమంటారు. అక్కడ ఎస్ఎం మన చేతిలో ఉండదు కాబట్టి ఎంపిక అనే మాటే లేదు, టేబుల్ చదివి వాడుకోవడమే.

చైల్డ్ ఇంటర్ఫేస్ లేచింది గానీ రన్నింగ్‌లోకి రావట్లేదు అంటే డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూడండి. మల్టీకాస్ట్ జాయిన్ ఫెయిల్డ్ అని, పక్కన ఎఫ్ఎఫ్12:401బి:8001 అని మొదలయ్యే పొడుగాటి అడ్రస్, చివర స్టేటస్ మైనస్ 22 ఉంటుంది. ఆ అడ్రస్‌లో మూడో ముక్కే మీ పీకీ, ముందు అది మీరనుకున్నదేనా చూడండి. అన్ని నోడ్ల మీదా ఇదే వస్తుంటే పార్టిషన్ లైన్‌లో ఐపీఓఐబీ (ఐపీ ఓవర్ ఐబీ) ఫ్లాగ్ మర్చిపోయుంటారు, బ్రాడ్‌కాస్ట్ గ్రూపే తయారవలేదు, ఎస్ఏక్వెరీ మైనస్ జీ కొడితే గ్రూపుల లిస్ట్‌లో అది కనపడదు. ఒక్క నోడ్ మీదే వస్తుంటే టేబుల్‌లో కీ ఉందో లేదో చూసి, ఉంటే లింక్ స్పీడ్ చూడండి. గ్రూప్‌కి పెట్టిన రేట్ కంటే పోర్ట్ రేట్ తక్కువైతే ఎస్ఎం ఆ నోడ్‌ని గ్రూప్‌లోకి రానివ్వదు, కేబుల్ సరిగ్గా కూర్చోక 4ఎక్స్ (నాలుగు లేన్లు) రావాల్సిన లింక్ 1ఎక్స్‌లో లేచిందంటే ఫలితం ఇదే కావచ్చు. ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) ఎక్కువ పెట్టినా ఇంతే.

అన్నీ సరిగ్గానే కనపడుతున్నా ప్యాకెట్లు పోవట్లేదంటే స్విచ్ పోర్ట్ మీద పెర్ఫ్‌క్వెరీ (పోర్ట్ కౌంటర్లు చూపే కమాండ్) కొట్టి కన్‌స్ట్రెయింట్ ఎర్రర్స్ చూడండి, ఎక్స్‌మిట్, రిసీవ్ రెండూ. అవి పెరుగుతుంటే స్విచ్చే కీ తనిఖీ చేసి పడేస్తోంది. స్విచ్‌లో ఏమీ లేకుండా, నోడ్ పోర్ట్‌ఇన్ఫోలో పీకీ వయొలేషన్స్ పెరుగుతుంటే కార్డ్ పడేస్తోంది. ఈ రెండూ కదలకపోతే అది బహుశా పార్టిషన్ సమస్య కాదు, ఇక వేరే దగ్గర వెతకండి.

మరి ఏది తీసుకోవాలి అంటే

నోడ్లు తక్కువ, మార్పులు అరుదు, స్విచ్ మేనేజ్డ్: స్విచ్ ఎస్ఎం. వంద రెండొందల నోడ్లు, ఆటోమేషన్ వచ్చిన మనిషి కనీసం ఒకరు టీమ్‌లో ఉన్నారు, పార్టిషన్లు నాలుగైదు: ఓపెన్ఎస్ఎం, రెండు చోట్ల, ఒకే ఫైల్. నేనైతే ఎక్కువమందికి ఇదే చెప్తా, ఎందుకంటే ఏం జరిగినా చదివి అర్థం చేసుకోగలిగే ఫైల్ ఒకటి మన చేతిలో ఉంటుంది. టెనెంట్లు తరచూ మారేచోట యూఎఫ్ఎం.

టెనెంట్‌కి బేర్ మెటల్ రూట్ ఇస్తున్నారంటే మాత్రం ఇంకో విషయం చూసుకోవాలి. రూట్ ఉన్నవాడు తన నోడ్ మీద ఎక్కువ ప్రయారిటీతో ఓపెన్ఎస్ఎం నడిపితే మాస్టర్ అయిపోయే ప్రమాదం ఉంది, మాస్టర్ అయ్యాక పార్టిషన్లు వాడి ఇష్టం. కాబట్టి ఎంకీ (మేనేజ్‌మెంట్ కీ) పెట్టడం, ఎస్ఎంగా ఎవరెవరు ఉండొచ్చో జీయూఐడీలతో లిస్ట్ ఇవ్వడం, ఈ రెండూ ఏ ఆప్షన్‌లో మీకు చెయ్యడం తెలుసో అదే తీసుకోండి, తెలియకపోతే తెలిసేదాకా రూట్ ఇవ్వకండి.

ఏది పెట్టినా, జాబ్‌లు ఎక్కించే ముందు ఒక మధ్యాహ్నం కేటాయించి మాస్టర్‌ని కావాలని ఆపండి. ఎస్ఎంఇన్ఫోలో కొత్త లిడ్, పక్కన మాస్టర్ అని వచ్చాక ప్రతి నోడ్ పీకీ టేబుల్‌ని ముందు తీసుకున్న దానితో డిఫ్ కొట్టండి, ఒక్క గది మారినా అది ఆ రోజే చూసుకోండి.